పది రోజుల సెలవు

ఐసు ఫ్యాక్టరీ పద్దుల పుస్తకం వెనక అట్ట మీద
పెన్సిలుతో రాసుకున్నాను:
సఖినేటిపల్లి రేవులో పంటు, పదిహేను.
నర్సాపురం నించి రైలు, కొచ్చిదాకా.
అక్కణ్ణించి ఓడ.
దీవిలో ఆరు రాత్రులు.
మునగడం నేర్పేవాళ్లకి రోజుకింత.
కింద గీత గీసి కూడితే
నేను పాడిన చీటీ డబ్బుకన్నా
పదకొండు వందలు ఎక్కువ.
ఆ పదకొండు వందల మీదే వచ్చింది కోపమంతా.

పోలిశెట్టి గారు అద్దాలు నుదుటి మీదికి తోసి అడిగారు:
"టేకు చేపని చూడ్డానికి అంత దూరమా అమ్మా?
పొద్దున్నే పాటకెళ్తే కనపడవూ?"

చూశానండీ.
అక్కడే చూశాను.

నాకు తొమ్మిదేళ్లు. పల్లిపాలెం రేవు.
మా నాన్న వలకి పడింది,
ఏనుగు టేకు అన్నారు.
పదిమంది తాడేసి లాగారు.
ఇసక మీద పరిస్తే మా వంటింటికన్నా వెడల్పు.
పైన నలుపు. దొర్లిస్తే పొట్టంతా తెలుపు,
తెలుపు మీద ఎవరో కలం విదిల్చినట్టు మచ్చలు.
పిల్లలం దాని మీదెక్కి గెంతాం.
నా పాదాల కింద అది
ఒక్కసారి,
ఒక్కసారే,
ఎగరబోయింది.

ఎవరికీ చెప్పలేదు.
మొప్పల్లోపలి ఈకల్లాంటివి ఎండబెట్టి అమ్మే షావుకారు
సాయంత్రానికి వచ్చాడు.
ఆ డబ్బుల్లో నాకు బడి చెప్పులు కొన్నారు.
ఒక సైజు పెద్దవి. రెండేళ్లొచ్చాయి.

ఈత నేర్చుకున్నది ఈ ఏడే, నలభై మూడో ఏట,
కాలవ కట్టేసే ముందు పదిహేను రోజులు,
లాకుల దిగువన, తెల్లారకముందు.
ధనకోటి నా నడుముకి కొబ్బరితాడు కట్టి
రెండో కొస తన మణికట్టుకి చుట్టుకునేది.
"మునగడానికి లక్షలెందుకే,
తాడొదిలేస్తే ఉత్తినే" అనేది.
వదల్లేదు.

రాజోలు కళ్లద్దాల కొట్లో నూరుల్లా మాత్రం నవ్వలేదు.
ముక్కుని కూడా మూసే ఆ అద్దానికి
మైనస్ నాలుగు బిగించమంటే
"నీళ్లలో అన్నీ పెద్దగా కనపడతాయంట మేడమ్,
మూడున్నర చాలేమో" అని
అక్షరాల అట్టకి ప్లాస్టిక్ సంచి తొడిగి
బకెట్లో ముంచి చూశాడు.

వాళ్లు పంపిన ఫారంలో ఇరవై ఏడు ప్రశ్నలు.
ఉబ్బసముందా. చెవిలో చీము కారిందా.
నీటితో ఇదివరకు పరిచయం ఉందా.

ఉంది.
తొంభై ఆరులో, దీపావళి నాలుగు రోజులుందనగా,
నీళ్లే మా ఇంటికొచ్చాయి.
నడుందాకా లేచి, బియ్యం డబ్బా పట్టుకుని,
గోడ మీద గీత పెట్టి వెళ్లాయి.
ఒకరు మన గడప తొక్కాక
మనమూ ఓసారి వెళ్లి రావాలి కదా,
మేమే ఇంకా బాకీ.
ఇదంతా రాయడానికి వాళ్లిచ్చిన గీత చాల్లేదు.
"ఉంది" అని మాత్రం రాశాను.

దీవిలో కుర్రాడు ఫోన్లో చెప్పాడు, వచ్చీరాని తెలుగులో,
నీళ్లు మరీ తేటగా ఉంటే అవి రావట.
నలకలు నలకలుగా మసకేసినప్పుడు
నోళ్లు తెరుచుకుని వస్తాయట.
ఆ నలకలే వాటికి కూడు.

ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాను.
గోదారి ఎరుపు ఒక పక్క, సముద్రం ఇంకో పక్క.
ఇంత మసక మా దగ్గరే ఉంది.
నేను లెక్క రాసిన ఐసు దిమ్మలు మోసుకుంటూ
పడవలు ఆ గీత దాటుతున్నాయి.
వాటి అడుగున ఇప్పుడు ఏం పోతోందో.
కాసేపు నిలబడ్డాను. ఏమీ కనపడలేదు.
దోమలు లేచాయి, వచ్చేశాను.

అప్పటికి నెల రోజులుగా
ఐసు గదిలో ఊపిరి బిగబట్టి
దిమ్మలు లెక్కపెడుతున్నాను. ముప్ఫై ఎనిమిది దాకా వచ్చాను.
ఆ మాట గొప్పగా చెబితే కుర్రాడు కంగారుపడ్డాడు.
"అయ్యో వద్దమ్మా, కింద ఊపిరి ఆపకూడదు,
అదే మొదటి రూలు.
రెండోది, ముట్టుకోకూడదు."

ముట్టుకోనన్నాను.
చేతుల్తోనే కాదు,
పాదాలు కూడా ఆనించనన్నాను.
అతనికి అర్థం కాలేదు.
"సరే అమ్మా, పాదాలు కూడా" అన్నాడు.